మమ్మల్ని ‘ఆందోళనకారులు’ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ విశాఖ జిల్లా పేజీలో ఒకే రోజు మూడు ఫొటోలు వేశారు. పైన పెద్దది ఒక పార్టీ ర్యాలీ. దాని కింద ‘కదం తొక్కిన శ్రేణులు’ అని ఉంది. పక్కన జగదాంబ సెంటర్లో కొత్త సినిమా విడుదల సందడి. దానికి ‘ఉప్పొంగిన అభిమానం’ అన్నారు. అట్టడుగున, ఒక ప్రకటన పక్కన ఇరికించిన చిన్న ఫొటో ఉక్కు కర్మాగారం దగ్గర టెంటు కింద కూర్చున్న ఆడవాళ్లది. దానికి మాత్రం ‘రోడ్డెక్కిన ఆందోళనకారులు’ అని పెట్టారు. ఆ ఫొటోలో ఎడమ చివర కళ్లజోడుతో ఉన్నది నేను. మేం రోడ్డెక్కలేదు. ఒక్క బస్సు కూడా మా వల్ల ఆగలేదు. టార్పాలిన్లు పరుచుకుని కూర్చున్నాం, తొలగించిన కాంట్రాక్టు కార్మికుల్ని తిరిగి పనిలోకి తీసుకోమని అడిగాం, చీకటి పడకముందే లేచి ఇళ్లకు వెళ్లాం. ‘కాంట్రాక్టు కార్మికుల కోసం కూర్చున్న పెదగంట్యాడ మహిళలు’ అని రాస్తే మీకు చోటు చాలేది, మాకు న్యాయం జరిగేది.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా వారు ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్స్‌లో పనిచేశారు. మా అత్తవారి ఊరు కర్మాగారం కోసం ఖాళీ అయిన 64 ఊళ్లలో ఒకటి. భూమి ఇచ్చిన కుటుంబాలకు ఆర్ కార్డులు, అంటే నిర్వాసితుల పునరావాస కార్డులు ఇచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసి వయసు దాటిపోయినవాళ్లు మా కాలనీలో ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి ఈ ఉత్తరంలో భాష గురించి ఎంత పట్టుదలగా రాస్తున్నానో ఉక్కు గురించీ అంతే పట్టుదలగా రాస్తున్నాను. ఒకదాన్ని ఇంకోదాన్నుంచి విడదీయడం నావల్ల కాదు.

ముందు ‘ఆందోళన’ సంగతి చూడండి. సంస్కృతంలో ఆందోళనం అంటే ఊగడం. పల్లకీని ఆందోళిక అన్నారు. తెలుగులో ఆ ఊగడాన్ని మనసుకు అన్వయించుకున్నాం. కొడుకు రాత్రి పదిగంటలకు ఫోన్ ఎత్తకపోతే తల్లి పడేది ఆందోళన. బీపీ చూసి డాక్టరు గారు వద్దనేది ఆందోళన. మీ పత్రికే ‘వాయుగుండం, మత్స్యకారుల్లో ఆందోళన’ అని శీర్షిక పెడుతుంది. అంటే టెన్షన్, భయం, కుదురులేకపోవడం. ఇక ‘కారుడు’ అంటే చేసేవాడు. చిత్రకారుడు చిత్రం గీస్తాడు, స్వర్ణకారుడు బంగారు నగలు చేస్తాడు. ఆ లెక్కన ఆందోళనకారుడు తెలుగు చెవికి ఎలా వినిపిస్తాడు? జనంలో భయం పుట్టించేవాడిలా వినిపిస్తాడు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు కర్మాగారంలో వందశాతం వాటా అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు ఆందోళన కలిగింది మాకు. ఆ రాత్రి మా కాలనీలో నిద్రపోయిన ఇల్లు లేదు. ఆందోళన పడినవాళ్లకు ఆందోళనకారులని పేరు పెట్టడం సరికాదు.

ఈ మాట పాతదే, అందరికీ అర్థమైనదే, ఇప్పుడు తప్పుపట్టడం ఎందుకని మీ డెస్కులో ఎవరైనా అనవచ్చు. రాజకీయ వ్యాసాల్లో ఈ మాట చాలా ఏళ్లుగా నడుస్తోంది, నిజమే. అయితే పాఠకుడు ఒక వార్త మీద ఎంతసేపు నిలబడతాడో మీకు నాకన్నా బాగా తెలుసు. శీర్షిక, ఫొటో, ఫొటో కింద వాక్యం, అంతే. అంత కొద్ది చోటులో మా కోరిక పడలేదు, మా ఊరు పడలేదు. ఒక్క ఆ మాట పడింది. మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, “అత్తా, ఏం గొడవ అయింది అక్కడ? పోలీసులు వచ్చారా?” అని అడిగాడు. వాడు కంగారుపడింది మీ వాక్యం చదివి.

పార్టీ వాళ్లకు మీ దగ్గర మంచి మాటలున్నాయి. శ్రేణులు, దళపతులు, సైనికులు, తమ్ముళ్లు. ‘కార్యకర్త’ అన్న మాట కూడా వాళ్లకే వెళ్లిపోయింది. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. పెళ్లిలోనూ, పితృకార్యంలోనూ పీట మీద కూర్చుని చేయవలసింది చేసే మనిషిని కర్త అంటాం. కార్యకర్త అంటే పూనుకున్న పనిని తన చేతులతో చేసే మనిషి. అంత నిండైన మాట. ఇవాళ మా వీధిలో ఎవరినైనా కార్యకర్త అంటే మరుక్షణం వచ్చే ప్రశ్న ‘ఏ పార్టీ?’ అని. ఇంకోవైపు అదే మాట ప్రభుత్వ ఉద్యోగం పేరుగా ఉంది. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త. 2023 డిసెంబరులో మొదలై 40 రోజులు దాటి సాగిన అంగన్‌వాడీల సమ్మె గుర్తుందా? రోజూ పసిపిల్లలకు అన్నం పెట్టి, అక్షరాలు దిద్దించే ఆడవాళ్లు గౌరవంగా బతకగలిగే జీతం అడిగారు. పిల్లల మధ్య ఉన్నన్నాళ్లూ కార్యకర్తలు. కలెక్టరేట్ ముందుకు వచ్చి నిలబడగానే ఆందోళనకారులు. మనిషి మారలేదు, చీర మారలేదు, నిలబడిన చోటు మారింది.

‘వాలంటీర్’ మాట కూడా మన కళ్ల ముందే మారింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడినప్పుడు వీధి వీధినా చెట్లు అడ్డంగా పడ్డాయి, కరెంటు పోయింది, పాలు లేవు, నీళ్లు లేవు. కుర్రాళ్లు ఇంట్లో ఉన్న గొడ్డళ్లు, రంపాలు పట్టుకుని బయటికి వచ్చి దారులు చేశారు. వేరే జిల్లాల నుంచి నీళ్లూ పాలూ బియ్యం వచ్చాయి. అప్పుడు వాలంటీర్ అంటే ఎవరూ పిలవకుండా వచ్చినవాడు. 2019 ఆగస్టు నుంచి 2024 దాకా రాష్ట్ర ప్రభుత్వం లెక్కలో వాలంటీర్ అంటే 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం, 1వ తేదీ పొద్దున్నే పింఛను తెచ్చిచ్చే అబ్బాయి లేదా అమ్మాయి. వాళ్ల పనిని నేను తక్కువ చేయను. కరోనా రోజుల్లో తలుపు తలుపు తట్టి జ్వరం ఉందా అని అడిగిన పిల్లలు వాళ్లు. కానీ మాట వాళ్లదైపోయింది. భీమిలి దారిలో ఒక ఆదివారం కాలేజీ పిల్లలు ‘వాలంటీర్’ అని రాసిన టీషర్టులు వేసుకుని తీరంలో ప్లాస్టిక్ ఏరుతున్నారు. ఒక ముసలమ్మ వాళ్లలో ఒకడిని ఆపి, “మా పింఛను ఏటైంది బాబూ?” అని అడిగింది. ఆ అబ్బాయి చేతిలో సంచీ కింద పెట్టి, ఆమె కాగితాలు చూసి, సచివాలయం ఎటు వెళ్లాలో ఓపిగ్గా చెప్పాడు. మంచి పిల్లవాడు. అతను ఎందుకు అక్కడున్నాడో చెప్పే మాట మాత్రం అతని టీషర్టు మీద లేకుండా పోయింది.

అలాంటివాళ్ల గురించి రాయవలసి వస్తే మీ పత్రికలో కనిపించేది ‘పర్యావరణ ప్రేమికులు’. చెట్టు కొట్టొద్దంటే పర్యావరణ ప్రేమికుడు, కుక్కకు అన్నం పెడితే జంతు ప్రేమికుడు, బడిలో తెలుగు ఉండాలంటే భాషా ప్రేమికుడు. ప్రేమ గొప్పదే. అయినా ఈ మాట చదివినప్పుడు సాయంకాలం తీరికగా చేసే సరదా పనిలా తోస్తుంది. ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. జోడుగుళ్లపాలెం దగ్గర అటవీశాఖ వాళ్ల హ్యాచరీ ఉంది. కుక్కలూ నక్కలూ తవ్వుకుపోకముందే ఆ గుడ్లు వెతికి తెచ్చి ఇసుకలో భద్రం చేయాలి. అందుకోసం జాలరి కుర్రాళ్లు చీకట్లో తీరం వెంబడి నడుస్తారు. తడి ఇసుక మీద తాబేలు పాకిన జాడ చూసి గూడు ఎక్కడుందో చెప్పగలిగిన చూపు వాళ్లది. పగలు వేటకు పోవాలి, రాత్రి ఈ కాపలా కాయాలి. వాళ్లను ప్రేమికులు అనడం కన్నా ‘తాబేళ్ల గుడ్లు కాపాడుతున్న జాలరి యువకులు’ అనడంలో గౌరవం ఎక్కువ ఉంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్ని తవ్వొద్దని నిలబడినవాళ్ల సంగతీ అంతే. వేల ఏళ్లుగా గాలి, నీరు, సముద్రం కలిసి పోసిన ఆ దిబ్బలు భూవారసత్వ సంపదగా గుర్తింపు ఉన్న చోటు. వాటికి అడ్డంగా నిలబడిన మనిషి ఏ యంత్రానికి, ఏ తవ్వకానికి ఎదురు నిలిచాడో రాయండి. ప్రేమ సంగతి పాఠకుడు తనంతట తానే గ్రహిస్తాడు.

సినిమా అభిమానుల మీద నాకేమీ కోపం లేదు. అభిమానం మన భాషలో ఎంత అందమైన మాటో చూడండి. ఒకరి మీద మనకుండే ఇష్టమూ అభిమానమే, మన మీద మనకుండే గౌరవమూ అభిమానమే. ‘అభిమానం చంపుకుని అప్పుకు వెళ్లాడు’ అంటాం. తనను తాను తక్కువ చేసుకోకుండా ఇంకొకరిని ఇష్టపడటం అందులో ఉంది. మా వీధిలో ఒక అభిమాన సంఘం పిల్లలు హీరో పుట్టినరోజుకు రక్తం ఇచ్చారు. ఆ మర్నాడు వచ్చిన వార్తలో హీరో పేరు మూడుసార్లు ఉంది, పిల్లలు ‘వీరాభిమానులు’ అయ్యారు. రక్తదాతలు అన్న మాట మనకుంది కదా! నేత్రదాత, అన్నదాత, రక్తదాత. ఎవరు ఏం ఇచ్చారో మాటలోనే ఉంటుంది, ఎవరి కోసమో విడిగా చెప్పనవసరం ఉండదు. తెలుగు చేసుకున్న మంచి పనుల్లో ఇదొకటి. ఆ పిల్లలకు ఆ పేరు దక్కలేదు.

ఇక నిజంగా ప్రాణం మీదికి తెచ్చిన మాటలున్నాయి. ‘మావోయిస్టు సానుభూతిపరుడు’ అని మామూలుగా రాసేస్తారు. సానుభూతి అంటే ఎదుటివాడి బాధను తన బాధగా అనుకోవడం. పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీ గ్రామాల్లో ఆ మాట మీద పడిన గిరిజనుడు పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగాడు, జైళ్లకు వెళ్లాడు. రెండోవైపు, మావోయిస్టుల నుంచి ‘పోలీసు ఇన్‌ఫార్మర్’ అన్న మాట పడినవాడు ప్రాణమే పోగొట్టుకున్నాడు. అన్నం అడిగితే పెట్టాడు, దారి అడిగితే చెప్పాడు, అంతకు మించి ఏ పక్షమూ లేని మనుషులు చాలామంది ఈ రెండు మాటల మధ్య నలిగిపోయారు. నేను ఏజెన్సీలో కొన్నాళ్లు పనిచేశాను. ఆ పిల్లల తండ్రులు పత్రిక చదవలేకపోయినా, అందులో తమ ఊరి పేరు పడిందని తెలిస్తే రెండు రోజులు పొలం వెళ్లేవారు కాదు. ‘సానుభూతిపరుడు’ అన్నది ఎవరన్నారో చెప్పకుండా పత్రిక తన మాటగా ఎప్పుడూ రాయకూడదని అప్పటినుంచీ నా నమ్మకం.

ఆ కొండలతోనే ముడిపడిన మాట ఇంకోటి ఉంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మన్యం వీరులతో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదికి వెళ్లి తుపాకులు పట్టుకుపోయారు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపేదాకా సాగిన పోరాటాన్ని ఆంగ్లేయ ప్రభుత్వం తన కాగితాల్లో పితూరీ అంది. పితూరీ అంటే అప్పుడు తిరుగుబాటు. ఇప్పుడు మన ఇళ్లలో ఆ మాట చాడీకి దిగిపోయింది. ‘అమ్మకు పితూరీలు చెప్పకు’ అని పిల్లల్ని కసురుతాం. అడవి మీద తన హక్కు పోయిందని, కూలి లేకుండా రోడ్డు వేయించారని కొండమనిషి చెప్పుకున్న మాటలు చాడీలు అయ్యాయి. సర్కారు లెక్కలో పితూరీదారుల నాయకుడైన ఆయన పేరు 2022 ఏప్రిల్ 4 నుంచి ఒక జిల్లాకు ఉంది. పేరు సరిపడటానికి ఇంచుమించు నూరేళ్లు పట్టింది.

మా ఉక్కు సంగతికి వస్తాను. 1966 అక్టోబరులో ఉక్కు కర్మాగారం కావాలని అమృతరావు గారు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న ఊళ్లో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. నేను చిన్నపిల్లను. మా ఇంట్లో పెద్దవాళ్లు తలుపులు మూసి, ‘ఎవరి పిల్లలో, ఎవరి పిల్లలో’ అనుకోవడం గుర్తు. 1970 ఏప్రిల్ 17న విశాఖకు కర్మాగారం ఇస్తున్నామని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఇవాళ ఆ 32 మందిని అమరవీరులు అంటాం, దండలు వేస్తాం, వేయవలసిందే. కాని కాల్పుల తర్వాత వచ్చే ప్రకటనల్లో ‘అల్లరి మూకలు’ అన్న మాట మనం ఎన్నిసార్లు చదవలేదు? రాయి విసిరినవాడూ, పుస్తకాల సంచీతో రోడ్డు దాటుతున్నవాడూ ఆ మాటలో ఒకటైపోతారు. బతికుండగా ఆందోళనకారుడు, గుంపులో ఉంటే మూక, చనిపోతే అమరవీరుడు. న్యాయమైన దాని కోసం నిలబడి, ఇంకా బతికే ఉన్న మనిషికి పత్రికలో ఒక గౌరవమైన పేరు ఉండాలి కదండీ.

2021 ఫిబ్రవరిలో ఈ బాధ నాకు బాగా తెలిసింది. ఆ నెల 8న రాజ్యసభలో ప్రధానమంత్రి గారు ‘ఆందోళన్‌జీవి’ అన్న మాట వాడారు. సందర్భం ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులది. నాలుగు రోజుల తర్వాత, 12న, కర్మాగారం దగ్గరున్న కూర్మన్నపాలెంలో మా రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. టెంటు వేసేసరికే పేరు తయారుగా ఉంది. మన భాషలో మాట చివర వచ్చే ‘జీవి’ ఎంతో మర్యాదగలది. శ్రమజీవి అంటే చెమటోడ్చి బతికే మనిషి. ఆ పక్కనే ఈ కొత్త మాట వచ్చి, దీక్షల మీద బతికేవాళ్లు అన్న అర్థాన్ని మోసుకొచ్చింది. మా శిబిరంలో కూర్చున్నవాళ్లు ఫర్నేస్ దగ్గర షిఫ్ట్ చేసి, ఇంటికి వెళ్లి స్నానం చేసి, భోజనం చేయకుండా వచ్చి కూర్చున్నవాళ్లు. వాళ్లు దేనిమీద బతుకుతున్నారో వాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత స్థానికంగా ఒకరు మమ్మల్ని ‘పెయిడ్ ఆర్టిస్టులు’ అన్నారు. మర్నాడు చాలా పత్రికలు దాన్ని శీర్షికగా పెట్టాయి. అన్నవారి పేరు చిన్న అక్షరాల్లో, అన్న మాట పెద్ద అక్షరాల్లో. మా పక్కింటి వదిన ఆ రోజు నుంచి శిబిరానికి రావడం మానేసింది. “డబ్బులకు వెళ్తున్నానని మా చెల్లెలి అత్తవారు అనుకుంటున్నారు, నావల్ల కాదు వదినా” అంది. ఆమె ఇల్లు కట్టుకున్న నేల ఆర్ కార్డు మీద వచ్చింది. ఆమెకన్నా హక్కున్నవారు ఆ టెంటు కింద ఎవరూ లేరు.

ఈ హక్కు అన్నది మరిచిపోకండి. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అన్నారు 1966లో. ఆ నినాదం ఎవరి మద్దతూ అడగలేదు, మాది మాకివ్వమంది. పత్రికలు మమ్మల్ని ఉక్కు ‘మద్దతుదారులు’ అని కూడా రాస్తుంటాయి. మద్దతు బయటివాడు ఇస్తాడు. ఊరు ఇచ్చినవాడు, పొలం ఇచ్చినవాడు, ముప్పై ఏళ్లు కొలిమి వేడిలో పనిచేసినవాడు మద్దతుదారు ఎలా అవుతాడు? పట్టాదారు ఉన్నాడు, వాటాదారు ఉన్నాడు, హక్కుదారు ఉన్నాడు. మూడోది మా పేరు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినప్పుడు అది ఎవరి చలవ అన్న చర్చలో మీ పేజీలు నిండిపోయాయి. నాలుగేళ్ల పాటు ఆ టెంటును ఎండకూ వానకూ నిలబెట్టిన హక్కుదారుల మాట ఆ చర్చలో ఒక మూలకు కూడా రాలేదు.

అందర్నీ పొగడమని కోరడం లేదు. ఫొటో తీసేవేళకు వచ్చి ముందు వరుసలో నిలబడి, కెమెరా వెళ్లగానే కారెక్కినవారిని ‘ఉద్యమ నేత’ అని రాయడం కూడా నాకు అంతే అభ్యంతరం. ఉద్యమం అంటే ప్రయత్నం, శ్రమ. శ్రమపడని మనిషికి ఆ మాట ఇస్తే శ్రమపడినవాళ్ల దగ్గర దొంగిలించినట్టే. ఆడవాళ్ల విషయంలో అది మరీ ఎక్కువ. ‘ఉద్యమకారులతో పాటు మహిళలూ పాల్గొన్నారు’ అని రాస్తారు. ఆ వాక్యంలో మహిళలు ఉద్యమకారులు కారన్నమాట. వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, టెంటు దగ్గర మంచినీళ్ల డ్రమ్ము నింపి కూర్చున్న మనిషిని ‘పాటు’లో కలిపేస్తే ఎలా?

పేరు పెట్టడంలో పత్రికలకు ఎంత శక్తి ఉందో చరిత్రలో రెండు సంగతులు చెబుతాను. 1906లో ఇంగ్లండులో ఓటుహక్కు కోసం పోరాడుతున్న ఆడవాళ్లను చులకన చేస్తూ లండన్‌లోని ‘డెయిలీ మెయిల్’ పత్రిక ‘సఫ్రజెట్’ అన్న మాట కల్పించింది. అప్పటికే ఉన్న గౌరవమైన ‘సఫ్రజిస్ట్’ అనే మాటకు చిట్టిపొట్టి తోక తగిలించి చేసింది. ఆ ఆడవాళ్లు ఆ మాటనే తలకెత్తుకుని, 1912లో తమ పత్రికకు అదే పేరు పెట్టుకున్నారు. 1918లో కొందరికి, 1928లో మగవారితో సమానంగా అందరికీ ఓటు వచ్చింది. ఎగతాళి చేసిన మాటను గెలిపించుకున్నారు. అందరికీ అంత బలం ఉండదు. మా పక్కింటి వదినకు లేదు.

రెండో సంగతి దక్షిణాఫ్రికాది. అక్కడి భారతీయుల పోరాటాన్ని ‘పాసివ్ రెసిస్టెన్స్’ అంటుంటే గాంధీజీకి నచ్చలేదు. బలహీనుల ఆయుధం అన్న అర్థం అందులో వినిపిస్తోందని ఆయన బాధ. తన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో పాఠకులనే మంచి పేరు చెప్పమని అడిగారు, చిన్న బహుమతి కూడా ప్రకటించారు. మగన్‌లాల్ గాంధీ ‘సదాగ్రహం’ అని రాసి పంపారు. గాంధీజీ దాన్ని ‘సత్యాగ్రహం’ చేశారు. ఆ పోరాటంలో నిలబడిన మనిషి సత్యాగ్రహి అయ్యాడు. కూలివాడు, కొట్టు నడిపేవాడు, గని పనివాడు, జైలుకు వెళ్లిన ఇల్లాలు, అందరూ ఆ ఒక్క మాటలో ఎత్తుగా నిలబడ్డారు. మనవాళ్లూ ఈ విద్యలో తక్కువ తినలేదు. 1921లో చీరాల పేరాలలో మునిసిపల్ పన్ను కట్టబోమని జనం ఊరే ఖాళీ చేసి పాకల్లో కాపురం పెట్టినప్పుడు, వాళ్లకు అండగా నిలిచిన స్వచ్ఛంద దళానికి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ‘రామదండు’ అని పేరు పెట్టారు. దండులో చేరినవాడు పల్లెటూరి రైతు కావచ్చు, నేతగాడు కావచ్చు. ఆ పేరు వినగానే సేతువు కట్టిన చేతులు అతనివే అనిపిస్తాయి.

మన భాషలో ‘పూను’ అనే క్రియ ఉంది. దాన్నుంచి రెండు మాటలు వచ్చాయి. అమ్మవారి పండగలో వచ్చేది పూనకం. మనిషి తనంతట తాను ఒక పనిని భుజానికెత్తుకోవడం పూనిక. పూనకం వచ్చినవాడికి ఏం చేస్తున్నాడో తెలియదు, దిగిపోయాక గుర్తుండదు. పూనిక ఉన్నవాడికి అంతా తెలుసు, రేపు పొద్దున్న కూడా వస్తాడు. ఈ రోజుల్లో సినిమా హాళ్ల దగ్గరా, పార్టీ సభల్లోనూ పూనకాల గురించి మీ పత్రికలో రోజూ చదువుతున్నాను. పూనిక అన్న మాట ఎన్నాళ్లుగానో చూడలేదు. ఎర్రమట్టి దిబ్బల దగ్గరా, జోడుగుళ్లపాలెం తీరంలోనూ, ఉక్కు టెంటు కిందా ఉన్నది అదే. దాన్ని చేతబట్టుకున్న మనుషులకు ఏ పేరు అతుకుతుందో నేనొక్కదాన్నే తేల్చలేను, తేల్చకూడదు కూడా. గాజువాక వాళ్లు ఒకటి అంటారు, శ్రీకాకుళం వాళ్లు ఇంకోటి అంటారు, మన్యంలో వేరే మాట ఉంటుంది.

అందుకని మీకు ఒక విన్నపం. గాంధీజీ తన పాఠకుల్ని అడిగినట్టు మీరూ అడగండి. ఆదివారం పేజీలో నాలుగు అంగుళాల చోటు చాలు. న్యాయమైన కోరిక కోసం శాంతంగా నిలబడిన మనిషిని తెలుగులో ఏమని పిలుద్దాం అని పెట్టండి. ఉత్తరాంధ్ర మాండలికంలో వచ్చినవి దిద్దకుండా అలాగే వేయండి. ఆ లోపు, మా గురించి రాసేటప్పుడు ఏ ఊరివాళ్లం, ఏం అడిగాం అన్న రెండు ముక్కలు ఫొటో కింద పడేలా చూడమని మీ డెస్కుకు చెప్పండి. మీరు అలా అడిగితే మా కాలనీ నుంచే చాలా ఉత్తరాలు వస్తాయి. శిబిరానికి రావడం మానేసిన మా వదిన చేత కూడా నేను రాయిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
పెదగంట్యాడ, విశాఖపట్నం.